ఆ రెండు కిలోల సంగతి వదిలేయండి

ప్రశ్న: నా వయసు 46, బరువు 74 కిలోలు. ఆదివారాలు 70, 80 కిలోమీటర్లు తొక్కుతాను. ఇప్పుడున్న సైకిల్‌కి 23 మి.మీ. టైర్లు. రోడ్డు కాస్త గరుగ్గా ఉంటే చాలు, నడుము పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొత్తగా స్టీలు ఫ్రేమ్ చేయించుకుందామంటే నా లెక్కలో మొత్తం సైకిల్ 11 కిలోలు వస్తోంది. తోటివాళ్లేమో తొమ్మిది దాటనివ్వొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: 11 కిలోలకే చేయించుకోండి. ఇంకో మూడొందల గ్రాములు పెరిగినా టెన్షన్ పడకండి. అవి టైర్ల వల్ల పెరిగితే నాకు సంతోషమే.

మీవాళ్ల లెక్కే చూద్దాం. మీరూ సైకిలూ కలిపి 85 కిలోలు. రెండు కిలోలు తీసేస్తే తగ్గేది రెండున్నర శాతం లోపే. గంటసేపు పట్టే కొండదారి ఎక్కితే మహా అయితే నిమిషంన్నర మిగులుతుంది. చదును రోడ్డు మీద ఆ తేడా తెలియనే తెలియదు. అక్కడ మిమ్మల్ని వెనక్కి నెట్టేది ఎదురుగాలి. అయినా సైకిల్‌ని తొక్కి చూడకముందే చేత్తో ఎత్తి చూసేవాళ్లే ఎక్కువ!

అసలు కిటుకు టైర్లలో ఉంది. 23 టైరులో గాలి గట్టిగా కొట్టాల్సిందే, లేకపోతే గతుకులో రిమ్ము నొక్కి ట్యూబు చిల్లిపడుతుంది. అంత గట్టి టైరు గులకరాయి ఎక్కితే లోపలికి నొక్కుకోదు, సైకిల్‌తో సహా మిమ్మల్ని పైకెత్తుతుంది. ఆ ఎత్తి దించడానికయ్యే శక్తి మీ కాళ్లదే. 38 మి.మీ. టైరు వేసి గాలి ఒత్తిడి 45, 50 పీఎస్‌ఐ దగ్గర ఆపండి, ఆ రాయి సంగతి టైరే చూసుకుంటుంది. వెడల్పు టైరు నెమ్మదిస్తుందన్న భయం అక్కర్లేదు. రాళ్లు పరిచిన దారుల్లో సాగే పారిస్-రూబే రేసులో ప్రొఫెషనల్స్ కూడా ఇప్పుడు 30 మి.మీ., అంతకు మించిన టైర్లు వేస్తున్నారు. కాకపోతే టైరు పక్కలు పల్చగా, మెత్తగా ఉండాలి. పంక్చర్ కాకూడదని మందపాటి రబ్బరు దట్టించిన టైరు ఎంత వెడల్పున్నా మొద్దే.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కాళ్ల మధ్య, వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే చైన్‌స్టే గొట్టాల మధ్య ఆ టైరుకీ మడ్‌గార్డ్‌కీ చోటు వదలమని ముందే చెప్పండి. తర్వాత చెప్తే లాభం లేదు. టైరు పైనుంచి వచ్చి రిమ్మును పట్టే మామూలు రోడ్ కాలిపర్ బ్రేకుల కింద 38 పట్టదు. డిస్క్ బ్రేకు పెడితే, అది బిగించే ఫోర్క్ ఎడమ కాలు దృఢంగా చేయాలి, దాంతో స్ప్రింగులా వంగే గుణం కొంత పోతుంది. మీ వేగానికి నేనైతే చక్రానికి రెండు పక్కలా విడివిడిగా బిగించే కాంటిలీవర్ బ్రేకులే పెడతాను.

స్టీలు ఫ్రేమే కుదుపులన్నీ మింగేస్తుందంటే పూర్తిగా నమ్మకండి. మామూలు సైకిళ్లకుండే డైమండ్ ఆకారపు ఫ్రేమ్ ఏ లోహంతో చేసినా నిలువుగా వంగేది చాలా తక్కువ. సన్నటి కాళ్లతో ముందుకు వంపు తిరిగిన స్టీలు ఫోర్క్, ఎక్కువ పొడవు బయటికి ఉన్న 27.2 మి.మీ. లావు సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం), ఇవి కాస్త వంగుతాయి. అంతకన్నా లావుపాటి 31.6 పోస్ట్ వద్దనండి.

వేళ్ల తిమ్మిరి ఒక్క టైర్లతో పోకపోవచ్చు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువు చేతుల మీద పడుతుంది, ముందది సరిచేయండి. మర్నాటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. కొత్త సైకిల్‌లో హ్యాండిల్ సీటంత ఎత్తులో ఉంచండి. హ్యాండిల్ బిగించే ఫోర్క్ పై గొట్టాన్ని, అంటే స్టీరర్ ట్యూబును మాత్రం మొదటిరోజే పొట్టిగా కోయనివ్వకండి. నెలరోజులు తొక్కి, ఎత్తు కుదిరిందనిపించాక కోయించుకోవచ్చు.