రికార్డరు సప్లై బోర్డు మార్చే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

మీ ఇంట్లో టీవీ రికార్డరు మొరాయించిందనీ, దుకాణంలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారనీ ఫోనులో చెప్పావు. తొందరపడి కొనకమ్మా. ఎర్ర లైటు వెలుగుతోంది, లోపల హార్డ్ డిస్క్ గుయ్యిమని తిరగడం మొదలుపెట్టి కాసేపటికే ఆగిపోతోంది, మళ్ళీ అదే తంతు అన్నావు కదా. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు ముందుగా అనుమానం వచ్చేది పవర్ సప్లై బోర్డు మీదే, అంటే ఇంటి కరెంటును లోపలి భాగాలకు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే బోర్డు మీదే. ఆ పెద్ద సైజు డిస్కుల్లో మోటారు 12 వోల్టులతో, మిగతా ఎలక్ట్రానిక్స్ 5 వోల్టులతో నడుస్తాయి. నిండు బండిని కదిలించేటప్పుడే ఎద్దులకు ఎక్కువ బలం కావాలన్నట్టు, తిరగడం మొదలయ్యే ఆ కొద్ది క్షణాల్లోనే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. నీరసించిన సప్లై ఆ లాగుడుకు తట్టుకోలేక వోల్టేజీ పడిపోతుంది. రికార్డరు మళ్ళీ మొదటికి వస్తుంది.

కొత్తది కొనవద్దనడానికి డబ్బొక్కటే కారణం కాదు. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి రికార్డింగులు ఆ పెట్టె మెయిన్ బోర్డుకే ముడిపడి ఉంటాయి. డిస్క్ ఊడదీసి ఇంకో పెట్టెకో కంప్యూటర్‌కో తగిలిస్తే అవి తెరుచుకోవు. మీ అత్తగారు ఇష్టపడి దాచుకున్న అష్టావధానాలు మళ్ళీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. సప్లై బోర్డు మాత్రమే మారిస్తే వాటికి ఏ నష్టమూ రాదు. ఒకవేళ మెకానిక్‌ను పిలిచినా, డిస్క్ మార్చవద్దనీ ఫార్మాట్ చేయవద్దనీ మొదటి మాటగా చెప్పు. పెట్టె అద్దెదైనా, వారంటీలో ఉన్నా మూత తీయకుండా ఆ కంపెనీ వాళ్ళకే ఇచ్చేయి.

పాలిటెక్నిక్‌లో మీటరు పట్టిన చెయ్యి నీది, ఈ పని నీకు చేతనవుతుంది. కానీ ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పినట్టే చేయాలి. ప్లగ్గు పీకేశాం కాబట్టి కరెంటు లేదనుకోకు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టులు బోర్డులో డీసీగా మారి సుమారు 325 వోల్టులై, 400 లేదా 450 వోల్టులని రాసి ఉన్న పెద్ద కెపాసిటర్‌లో, అంటే కరెంటును దాచిపెట్టుకునే డబ్బాలాంటి భాగంలో, నిలబడతాయి. బాగున్న బోర్డయితే ప్లగ్గు తీసిన కాసేపటికి అదంతా ఖర్చయిపోతుంది. అసలు పనే మొదలుపెట్టని బోర్డులో దాన్ని వాడుకునేది ఏదీ ఉండదు కనుక చాలాసేపు అలాగే నిలిచి ఉంటుంది. చచ్చిన బోర్డే ఎక్కువ ప్రమాదమని గట్టిగా గుర్తుపెట్టుకో. ప్లగ్గు తీశాక పావుగంట ఆగు. తర్వాత మీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి, ఆ కెపాసిటర్ రెండు కాళ్ళ మీద కొలువు. 10 వోల్టులకు మించి చూపిస్తే, 10 కిలో ఓముల 10 వాట్ల సిమెంటు రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టి, ఆ కాళ్ళకు పది సెకన్లు తాకించి మళ్ళీ కొలువు. స్క్రూడ్రైవర్‌తో ఠపీమని షార్ట్ చేసేవాళ్ళను చూసి ఉంటావు. అది వద్దు. నిప్పురవ్వ కంట్లో పడుతుంది, బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి.

ఇప్పుడు బోర్డును వెలుతురులో పెట్టి చూడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల, తీగల కనెక్టరు దగ్గర, చిన్న కెపాసిటర్లు వరసగా ఉంటాయి. బాగున్నవాటి నెత్తి చదునుగా ఉంటుంది. పాడైనది పొట్ట ఉబ్బి కనిపిస్తుంది, ఒక్కోసారి పైనున్న గీత విచ్చుకుని గోధుమరంగు జిగురు బయటికి వస్తుంది. ఎండాకాలంలో మన హైదరాబాదు ఇళ్ళలో టీవీ అల్మారా తలుపు మూసి, రికార్డరు మీద ఇంకో పెట్టె పెడితే జరిగేది ఇదే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అవి మాత్రమే ఉబ్బి, మిగతా బోర్డు శుభ్రంగా ఉంటే, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటాయని రాసి ఉన్నవి తెచ్చి టంకం వేయించినా సరిపోతుంది. 85 డిగ్రీలవి చవకగా ఇస్తామంటే తీసుకోకు. ఫ్యూజు గాజు లోపల నల్లగా మాడి ఉంటే మాత్రం కథ వేరు. ఎక్కడో షార్ట్ అయింది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ మాడుతుంది. అప్పుడు బోర్డు మొత్తం మార్చడమే నయం.

బోర్డు కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. పాత బోర్డు చేతిలో ఉండాలి. ఫోనులో ఫొటో చూపించి కొనే వస్తువు కాదిది. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు బోర్డుల్లో కనెక్టరు తీగల వరస వేరుగా ఉండవచ్చు. 5 వోల్టులు రావలసిన తీగలో 12 వచ్చాయంటే మెయిన్ బోర్డూ డిస్కూ కలిసి పోతాయి. బోర్డు మీద అచ్చయిన నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. కనెక్టరు పక్కన ముద్రించిన 12, 5, 3.3 అంకెలు అదే వరసలో ఉండాలి. దుకాణదారు ఇదీ పనిచేస్తుంది లెండి అంటే వినకు, పక్క దుకాణానికి వెళ్ళు.

విప్పేటప్పుడు ప్రతి స్క్రూ దగ్గరా ఫొటో తీసుకో. బోర్డు కింద పలచని ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది, దాన్ని అనవసరమని పారేసేవాళ్ళున్నారు. బోర్డు అడుగున ఉన్న టంకం మొనలు ఇనుప పెట్టెకు తగలకుండా కాపాడేది అదే. రాగి చుట్టున్న రంధ్రంలోని స్క్రూ కూడా మరవకు, ఎర్తింగు దాని మీదుగానే వెళుతుంది.

కొత్త బోర్డు బిగించాక నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు. మెకానిక్కులందరి దగ్గరా ఉండే సీరీస్ బోర్డు, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్ళేలా కట్టిన ప్లగ్గు బోర్డు, ద్వారా పెట్టు. అందులో 100 వాట్ల పాత గుండు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మందగించిందంటే బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయి, ఇంకా షార్ట్ ఉంది. డిస్క్ కనెక్టరు తీసే ఉంచి, ముందు 5 వోల్టులు, తర్వాత 12 వోల్టులు కొలువు. మీటరు తీగలను స్విచ్ ఆపి ఉన్నప్పుడే క్లిప్పులతో తగిలించు, కరెంటు ఉండగా చెయ్యి లోపల పెట్టకు. అన్నీ సరిగ్గా ఉంటే మళ్ళీ స్విచ్ ఆపి, డిస్క్ తగిలించి, బల్బు లేకుండా నేరుగా ఇవ్వు. డిస్క్ తిరిగే క్షణంలో 12 వోల్టులది 11.4 కంటే, 5 వోల్టులది 4.75 కంటే దిగకూడదు. వోల్టేజీ నిలకడగా ఉండి కూడా డిస్క్ టిక్కు టిక్కుమంటే తప్పు డిస్కుదే. అప్పుడు ఇక దాన్ని నడపకుండా ఆపేయి.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. బోర్డు కొనేముందు దాని మీది నంబరూ, స్విచ్ వేసేముందు నువ్వు తీసిన ఫొటోలూ నాకు పంపించు.

ఇట్లు,
మామయ్య