సాలూరు ఘాట్ ఎక్కే పాత ఎంజీ కారుకు పనిముట్ల సంచి

చిరంజీవి మేనల్లుడికి ఒడిశా జయపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు 1965 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నావనీ, దసరా వెళ్లాక విజయనగరం నుంచి దాన్లోనే మా ఇంటికి వస్తావనీ అక్కయ్య చెప్పింది. నాకెంత సంతోషంగా ఉందో రాయలేను. దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలన్న టెన్షన్ నీకు ఉందని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ఈ రోడ్డు మీద దొరికేది మోయకు, దొరకనిది మర్చిపోకు. సాలూరు, సుంకి, పొట్టంగి, సెమిలిగూడ, కోరాపుట్ మీదుగా వచ్చేది లారీల దారి. ట్యూబుకు పంక్చరు వేసేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు ఊళ్లలో ఉంటారు. చేతి పని తెలిసినవాళ్లు. నీ బండికి కావలసిన సామాను మాత్రం వాళ్ల దగ్గర ఉండదు.

ముందు పానాలు. మన మెకానిక్కుల దగ్గర ఉండేవి మిల్లీమీటర్లవి, నీ కారు బోల్టులు అంగుళాలవి. అర అంగుళం బోల్టుకు 13 పానా పెడితే వదులుగా తిరిగి మూలలు అరిగిపోతాయి. 7/16 కు 11 పానా అసలు ఎక్కదు. కాబట్టి 7/16, 1/2, 9/16, 5/8 సైజులు రెండేసి చొప్పున, 3/4 ఒకటి కొను. రెండేసి ఎందుకంటే ఒకటి బోల్టుకు, ఒకటి నట్టుకు. ప్లగ్గు పానా, పొడుగూ పొట్టీ స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, టెస్ట్ లైటు కూడా పెట్టు. అన్నీ బట్ట సంచిలో చుట్టు. ఇనుప పెట్టెలో వేస్తే ఘాట్ పొడుగునా మోగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం ఫ్యాన్ బెల్టు. ఫ్యానూ, నీళ్ల పంపూ, డైనమో మూడూ దాని మీదే తిరుగుతాయి. అది తెగితే ఘాట్‌లో కాసేపట్లోనే ఇంజను కాగిపోతుంది. కొత్త బెల్టు కొని సంచిలో పడేస్తే సరిపోదు. ఇంట్లో ఒకసారి పాతది విప్పి, కొత్తది నీ చేత్తో బిగించు. సైజు సరిపోయిందో లేదో, డైనమో బోల్టులకు ఏ పానా కావాలో అప్పుడే తెలుస్తుంది. విప్పిన బెల్టు బాగానే ఉంటే దాన్నే స్పేరుగా పెట్టుకో. నీళ్లు అయిదు లీటర్లు ఉంచు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కారుకు హీటరు ఉంటే, వేడి చూపే ముల్లు పైకి ఎక్కుతున్నప్పుడు దాన్ని పూర్తిగా తిప్పు, ఇంజను వేడి కొంత అటు లాగుతుంది. ఉక్కపోత భరించు.

తర్వాత నిప్పు సంగతి, అంటే ప్లగ్గుల్లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించే భాగాలు. పాయింట్లు, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రెండు ప్లగ్గులు, సందు కొలిచే ఫీలర్ గేజి ఒక చిన్న డబ్బాలో పెట్టు. పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గుది 0.025. ఈ అంకెలు డబ్బా మూత లోపల రాసి అంటించు. బండి ఉన్నట్టుండి ఆగిపోతే ఎక్కువసార్లు తప్పు కండెన్సర్‌దో రోటర్‌దో అవుతుంది. రెండూ బరువు లేనివి, రోడ్డు పక్క దొరకనివి.

పెట్రోలు పంపు కరెంటుది, వెనక కుడి చక్రానికి ముందు, కారు కింద ఉంటుంది. తాళం తిప్పగానే టక్ టక్ మని కొట్టుకుని ఆగాలి. అసలు శబ్దం రాకపోతే స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టు, చాలాసార్లు మళ్లీ పని చేస్తుంది. ఆగకుండా గబగబా కొట్టుకుంటే పెట్రోలైనా అయిపోయి ఉండాలి, గొట్టంలోకి గాలైనా వస్తుండాలి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరును అది తినేస్తుంది. బయల్దేరే ముందే గొట్టాలన్నీ మార్చు. కొత్త గొట్టం ఒక మూర, రెండు క్లిప్పులు సంచిలో ఉండాలి.

తీగ చక్రాలని విన్నాను. వాటికి ట్యూబు ఉండాలి, ఈ కాలం ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు పనికిరాదు. 14 అంగుళాల ట్యూబు ఒకటి, రాగి సుత్తి ఒకటి తప్పనిసరి. మధ్యలో ఉండే రెక్కల నట్టును మామూలు సుత్తితో కొడితే పాడవుతుంది. విప్పే దిక్కు దాని మీదే రాసి ఉంటుంది. ఎడమ పక్క ఒక దిక్కు, కుడి పక్క దానికి ఎదురు. చక్రం నేల మీద ఉండగానే వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తు.

మరొకటి జాగ్రత్తగా చదువు. ఆ సంవత్సరం ఎంజీబీలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. బాడీకి కలిపేది ప్లస్, ఇప్పటి కార్లలాగా మైనస్ కాదు. ఎవరైనా మార్పించి ఉంటారేమో ముందు చూడు. మార్చకపోతే ఆ మాట ఒక చీటీ మీద రాసి బ్యాటరీల మూతకు కట్టు. సాయం చెయ్యబోయే మెకానిక్కుకు అది తెలియదు. బ్యాటరీ దిగిపోతే వేరే కారు తీగలు వద్దు. తోయించి, రెండో గేరులో క్లచ్ వదులు. 35 ఆంపియర్ల గాజు ఫ్యూజులు నాలుగైదు ఉంచు.

మంటలార్పే సిలిండరు డిక్కీలో కాదు, చేతికందేలా సీటు దగ్గర ఉండాలి. ఎర్ర త్రికోణాన్ని మలుపుకు అవతలే పెట్టు, కారు పక్కన పెడితే లారీవాడికి ఆలస్యంగా కనపడుతుంది. చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మలు రెండు తెచ్చుకో. రాళ్లు పెట్టి వదిలేసి పోయేవాళ్లను చూస్తే నాకు మండిపోతుంది, వెనక వచ్చే బైకువాడి ప్రాణం మీదకొస్తుంది.

మీ ఎంజీ ఇంజనూ, మన పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కుటుంబానివి. నా దగ్గర అంబాసిడర్ పాయింట్లు, కండెన్సర్లు దాచినవి ఉన్నాయి. నీ డిస్ట్రిబ్యూటర్ పక్కన చెక్కిన నంబరు ఫోటో తీసి పంపు. 25డి4 అనే మోడల్ పేరు ఉంటే పార్సిల్ వేస్తాను. బయల్దేరే ముందే బిగించి చూసుకో.