సమాధానం: రెండో తరగతి పాపను బడికి పంపాలా? ఇంట్లో అత్తమ్మకు షుగర్ ఉంది

అక్కా, కరోనా వల్ల మూసిన బడులు 2021 ఆగస్టు 16 నుంచి తెరుస్తున్నారని, పాప వల్ల మీ అత్తమ్మకు ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదని రాశారు. మీ భయం నాకు తెలుసు. 2020 నవంబర్ 2న 9, 10 తరగతులు మొదలైనప్పుడు మా పెద్దోణ్ణి పంపి రోజంతా గేటు వైపే చూస్తూ కూర్చున్నా.

ముందు అత్తమ్మకు టీకా రెండు డోసులూ పడ్డాయా చూడండి. ఈ 2021 ఆగస్టు నాటికి చిన్నపిల్లలకు టీకా ఇంకా రాలేదు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్ళందరం వేయించుకోవడమే వాళ్ళకూ అత్తమ్మకూ కాపుదల. కొన్నాళ్ళు పాప జేజి పక్కలో పడుకోకుండా చూడండి. ఇది కష్టమే, ఏడుస్తుంది.

నాకు బడి కన్నా ఆటో ఎక్కువ భయం. మన కడపలో ఒక్కో ఆటోలో పది మంది పిల్లలు ఇరుక్కుని కూర్చుంటారు. వీలైతే బండి మీద మీరే దింపండి.

మాస్కు ఒక్కటి చాలదు. ఇంటర్వెల్‌కే చెమటకి, ఉమ్ముకి తడిసిపోతుంది. మా చిన్నది ఆ తడి మాస్కును పెన్సిల్ డబ్బాలో కుక్కి, మళ్ళీ అదే పెట్టుకునేది. సంచిలో ఉతికినవి ఇంకో రెండు పెట్టండి, విప్పినదానికి వేరే కవరు ఇవ్వండి.

అన్నం తినేటప్పుడు అందరూ మాస్కులు తీస్తారు. గదిలో కాకుండా వరండాలోనో చెట్టు కిందనో దూరంగా కూర్చోబెట్టమని, క్లాసు కిటికీలు తెరిచి ఉంచమని టీచరమ్మను అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఒళ్ళు వెచ్చగా అనిపించినా, దగ్గు ఉన్నా ఆ రోజు పంపకండి. అత్తమ్మకు రెండో డోసు పడకపోతే, అది పడి రెండు వారాలయ్యేదాకా పాపను ఇంట్లోనే చదివించుకోండక్కా.