క్యాంపులో పెట్టిన సమావేశం గ్రామసభ అవుతుందా?

సందేహం: మాది చర్ల మండలం. మా మేనమామ కొడుకు సరిహద్దు అవతల సుక్మా జిల్లాలో ఒక పంచాయతీకి సర్పంచ్. ఎన్నికైనా ఊళ్లో ఉండే ధైర్యం లేక ఇన్నాళ్లూ బ్లాకు కేంద్రంలో అద్దెకు ఉన్నాడు. కొంతకాలం కిందట ఊరి పక్కన భద్రతా బలగాల క్యాంపు పడింది. రోడ్డు, సెల్ టవర్ వచ్చాయి, బావ కూడా ఊరికి తిరిగి వెళ్లాడు. అయితే క్యాంపు పడిన చోట మూడు కుటుంబాల చేలున్నాయి. ఒకరికి పట్టా ఉంది. మిగిలిన ఇద్దరూ అడవి భూమిలో సాగు చేసుకుంటూ వన హక్కులకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఎవరికీ నోటీసు రాలేదు. ఇప్పుడు ఊరివాళ్లను క్యాంపులోకి పిలిచి, ఇదే గ్రామసభ అని రిజిస్టరులో వేలిముద్రలు వేయిస్తున్నారు. ఊరు ‘నక్సల్ రహితం’ అని తీర్మానిస్తే కోటి రూపాయల పనులు వస్తాయట, లేకపోతే రేషను కూడా కష్టమేనట. మావోయిస్టు దళాలకు అన్నం పెట్టినవాళ్ల పేర్లు కూడా ఆ తీర్మానంలో రాయమంటున్నారు. బావ సంతకం పెట్టాలా? భూమి సంగతి ఎత్తితే దళం మనిషి అంటారని భయపడుతున్నాడు.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అన్నం పెట్టినవాళ్ల పేర్లున్న కాగితం మీద మీ బావ సంతకం పెట్టకూడదు. మిగతావి తీరిగ్గా ఆలోచించవచ్చు, ఇది మాత్రం ఆగదు.

మనం ఉపా అని పిలిచే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 19వ సెక్షను కింద తీవ్రవాదికి ఆశ్రయం ఇవ్వడం నేరం. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. స్వచ్ఛందంగా ఇస్తేనే అది నేరమవుతుంది. రాత్రిపూట తుపాకీతో వచ్చి నిలబడ్డవాడికి గంజి పోసిన ఇల్లాలు ఇష్టపడి పోసిందని నిరూపించడం కష్టమే. కానీ ఆమె ఆ మాట చెప్పుకోవలసింది విచారణలో, అక్కడిదాకా వెళ్లేలోపు జైల్లో గడిచే కాలమే అసలు శిక్ష. అదే చట్టం 43డి సెక్షను బెయిలును దాదాపు అసాధ్యం చేసింది, ఛార్జిషీటు గడువును 180 రోజుల దాకా పొడిగించుకునే వీలిచ్చింది. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం చెల్లదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షను చెబుతుంది. అయితే గ్రామసభ తీర్మానం పోలీసు కాగితంలా కనిపించదు, ఊరు తనంతట తానే ఒప్పుకున్నట్టు ఉంటుంది. పేర్లు అడిగేవాళ్లకు ఈ తేడా బాగానే తెలుసు.

పోలీసులకు ఎవరినైనా ప్రశ్నించవలసిన అవసరం ఉంటే దానికి వేరే దారి ఉంది. నమోదైన కేసులో దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా పిలవాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను ప్రకారం స్త్రీలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు పైబడిన మగవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వాళ్ల ఇంటి దగ్గరే ప్రశ్నించాలి. ఊరంతటినీ క్యాంపు గేటు లోపల కూర్చోబెట్టి హాజరు వేసుకునే అధికారం ఏ సెక్షనులోనూ లేదు.

ఇక క్యాంపులో జరిగినది గ్రామసభేనా? కాదు. పంచాయతీ పాలనను ఆదివాసీ షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఓటర్ల జాబితాలో పేరున్న ఊరివాళ్లందరూ కలిస్తే గ్రామసభ. అక్కడ ఊరంటే రెవెన్యూ రికార్డులో గీసిన ఊరు కాదు, తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే గూడెం. పంచాయతీలో నాలుగు పారాలు, అంటే గూడేలు, ఉంటే నాలుగు గ్రామసభలు ఉండవచ్చు. మీ బావకు పనికొచ్చే అంశం ఒకటి ఛత్తీస్‌గఢ్ పంచాయతీ చట్టంలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు సర్పంచ్ అధ్యక్షత వహించడు. సర్పంచ్, ఉపసర్పంచ్, పంచాయతీ సభ్యులు కాని ఒక ఆదివాసీని సభే ఎన్నుకుంటుంది, ఆ వ్యక్తి అధ్యక్షత వహిస్తాడు. కాబట్టి క్యాంపు అధికారి రిజిస్టరు ముందుకు తోస్తే మీ బావ వినయంగానే, ‘సభకు అధ్యక్షుడిని నేను కాదండీ, సభ పెట్టుకుని అడిగి చెబుతాం’ అనవచ్చు. అది తప్పించుకోవడం కాదు, చట్టం ఉన్నది అలాగే.

క్యాంపు రాకముందు అక్కడ గ్రామసభలు పద్ధతిగా నడిచాయని మాత్రం నేననను. మావోయిస్టులు పంచాయతీ ఎన్నికలను బహిష్కరించమన్నారు, ఇన్‌ఫార్మర్లని ముద్ర వేసి సర్పంచ్‌లను చంపారు, జనతన సర్కార్ల పేరుతో తమ సమాంతర పాలన నడిపారు. సర్పంచ్‌లు బ్లాకు కేంద్రాల్లో తలదాచుకున్నారు, గ్రామసభ సమావేశాలు రిజిస్టర్లలోనే జరిగిపోయాయి. రాజ్యం వైపు నుంచి 2005లో సల్వాజుడుం వచ్చింది, అంటే మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ దన్నుతో నడిచిన సాయుధ దండు. అది ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించింది, అలా వచ్చిన కుటుంబాలు మీ మండలం అడవుల్లోనే ఉన్నాయి కనుక వేరే చెప్పనక్కర్లేదు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చి తిరుగుబాటు అణచివేతకు వాడటం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మాసనంలో ఒకరు మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఆ తీర్పు తర్వాత రాష్ట్రం ఏం చేసిందంటే, అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి ఆ యువకులనే సహాయక సాయుధ బలగంలో చేర్చుకుంది. అలా చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టే తేల్చింది. తీర్పు చేతికి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుందని చెప్పడానికే ఈ కథంతా.

ఇప్పుడు సైనికంగా పైచేయి ఎవరిదో అందరికీ కనిపిస్తూనే ఉంది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. 2025 మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు అబూజ్‌మడ్‌లో చనిపోయాడు, అక్టోబరులో మరో అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయాడు, నవంబరులో బస్తర్ దళాల నాయకుడు హిడ్మా మారేడుమిల్లి అడవిలో చనిపోయాడు. సరే. అయినా బస్తర్‌లో సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం అమల్లో లేదు. కేంద్ర బలగాలు అక్కడ ఉన్నది పౌర పాలనకు సాయంగా, దాని స్థానంలో కాదు. ఊరు చేజిక్కించుకున్నవాడే ఊరిని పాలిస్తాడనే సూత్రం మన చట్టాల్లో లేదు. ఆదివాసీ ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉంది, పెసా ఉంది, అవి కాల్పులు ఆగేదాకా సెలవు తీసుకోవు.

మూడు చేల సంగతికి వస్తాను. పట్టా ఉన్న కుటుంబానిది కాస్త తేలిక. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షను ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవడం చిట్టచివరి మార్గం కావాలి, నోటిఫికేషనుకు ముందే గ్రామసభ సమ్మతి ఉండాలి. దేశ భద్రత పేరుతో 40వ సెక్షను కింద అత్యవసరంగా తీసుకున్నా సమ్మతి తప్పదని అందులోనే రాసి ఉంది. స్వాధీనానికి ముందే పరిహారంలో 80 శాతం చెల్లించాలి. పెసా కేవలం ‘సంప్రదించాలి’ అంటుంది, అధికారులు దాన్నే చూపిస్తారు. మీరు 41ని చూపించండి. అయితే ఆ సెక్షనులో ఒక లొసుగు ఉంది. ‘గ్రామసభ లేదా తగిన స్థాయిలోని పంచాయతీ’ అని ఉండటంతో ఊరిని వదిలేసి పైస్థాయి పంచాయతీ తీర్మానంతో పని కానిచ్చే వీలుంది. అందుకే జనపద్ (బ్లాకు స్థాయి), జిల్లా పంచాయతీల్లో అలాంటి తీర్మానం ఏదైనా జరిగిందేమో ముందు కనుక్కోవాలి. తాత్కాలికంగా తీసుకున్నామంటే 81వ సెక్షను ఉంది. దాని గరిష్ఠ కాలం మూడేళ్లు, దానికీ పరిహారం ఇవ్వాలి.

అడవి భూమి సాగుదారులిద్దరిదీ గట్టి తగాదా. 2006 వన హక్కుల చట్టం 4(5) ప్రకారం దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేదాకా వాళ్లను ఆ భూమి నుంచి తొలగించకూడదు. అదే చట్టం 3(2)లో అటవీ భూమిని ఊరి అవసరాలకు ఇవ్వగల 13 సౌకర్యాల జాబితా ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రోడ్డు, చెరువు లాంటివి, ఒక్కోదానికి హెక్టారు లోపు, అదీ గ్రామసభ సిఫారసుతో. కాబట్టి రోడ్డుకు దారి ఉంది. క్యాంపు మాత్రం ఆ జాబితాలో లేదు.

దీనికి వాళ్లు చెప్పే జవాబు అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ. నోటిఫై చేసిన వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో పారామిలటరీ క్యాంపుకు ఐదు హెక్టార్లు, అంటే 12 ఎకరాల పైచిలుకు అటవీ భూమికి ఆ చట్టం వర్తించదు. నా వాదన ఏమిటంటే, ఆ మినహాయింపు ఆ ఒక్క చట్టం నుంచే. దానివల్ల అటవీ అనుమతి గొడవ తప్పుతుంది, ఇద్దరు రైతుల సాగు హక్కు చెరిగిపోదు. 2006 చట్టాన్ని ఆ సవరణ ముట్టుకోలేదు. హక్కుల క్లెయిములను గ్రామసభే పరిశీలించాలని 2013లో ఒడిశాలోని నియంగిరి కొండల గని కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట అలాగే నిలిచి ఉంది. అక్కడ 12 గ్రామసభలు పెట్టారు, 12 చోట్లా జనం గని వద్దన్నారు. ముందుగా క్యాంపు ఎన్ని ఎకరాల్లో ఉందో కొలిపించండి. ఐదు హెక్టార్లు దాటితే ఆ మినహాయింపు కూడా లేనట్టే.

ఆ ఇద్దరూ 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్నట్టు చూపాలి. జుడుం కాలంలో ఇళ్లు తగలబడ్డవాళ్లకు కాగితాలెక్కడివి అంటారేమో. దరఖాస్తుదారులు కాని ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమేనని నియమాలు ఒప్పుకుంటాయి. క్లెయిముల మీద నిర్ణయానికి పిలిచిన గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు స్త్రీలుండాలి. క్యాంపులో వేలిముద్రలు వేసిన జాబితాలో ఆడవాళ్లు ఎంతమందో ఒకసారి లెక్క చూడండి. జుడుం మొదలైన 2005 మధ్య నుంచి ఆ డిసెంబరు 13 లోపు అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు 3(1)(ఎం) కింద పునరావాసం కోరే హక్కు ఉంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మీ చుట్టుపక్కల స్థిరపడ్డ గుత్తికోయల గూడేల్లో అలాంటివాళ్లుంటే ఈ సెక్షను వాళ్ల చెవిన వేయండి.

కోటి రూపాయల మాట అబద్ధం కాదు. తమ ఊరివాళ్లను లొంగుబాటుకు ఒప్పించి నక్సల్ రహితమని ప్రకటించుకున్న పంచాయతీలకు ఆ మేరకు పనులిచ్చే పథకం ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, సుక్మాలోని బడేసెట్టికి 2025లో అలా పేరొచ్చింది. కొత్త క్యాంపుల చుట్టూ నిర్ణీత దూరంలోని ఊళ్లకు సౌకర్యాలిచ్చే ‘నియద్ నెల్లానార్’ పథకమూ నడుస్తోంది. క్యాంపు నుంచి దూరం కొలిచి బడీ ఆసుపత్రీ పంచడం నాకు నచ్చని పాలన, కానీ పథకంగా అది చట్టవిరుద్ధం కాదు. మీ బావ ఊరు నిజంగా ప్రకటించుకోవాలనుకుంటే ఊరి నడుమ సభ పెట్టుకుని, ఒక్క పేరూ లేకుండా, రెండు వాక్యాల్లో తీర్మానం రాసుకోండి. వద్దనుకుంటే నష్టం ఆ కోటి పనులే. రేషను 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు, తీర్మానానికీ దానికీ ముడిపెట్టే అధికారం ఎవరికీ లేదు.

భయం గురించి రాశారు. ఆ భయాన్ని నేను తేలిక చేయను. 2021 మేలో సిల్గేర్‌లో క్యాంపు వద్దన్న జనం మీద కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అలాంటి నిరసనలు నడిపిన మూల్‌వాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. అందువల్ల సంఘం పేరు, ప్లెకార్డులు, ఊరేగింపులు ఈ పనికి వద్దు. క్యాంపు తీసేయమని కాకుండా, ‘మా భూమికి చట్టప్రకారం ప్రక్రియ, పరిహారం, మా క్లెయిముల పరిష్కారం కావాలి’ అని మూడు కుటుంబాలు తమ పేర్లతో కలెక్టరుకు హిందీలో వినతి ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి.

సమాచార హక్కు దరఖాస్తు కలెక్టరు కార్యాలయానికి ఒకటి, అటవీ డివిజన్ అధికారికి ఒకటి పెట్టండి. సీఆర్‌పీఎఫ్‌కు పెట్టి ప్రయోజనం లేదు, 24వ సెక్షను దాన్ని మినహాయించింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన విషయాల్లో మాత్రమే అది సమాధానం చెప్పాలి. భూమి ఏ ఉత్తర్వు కింద ఇచ్చారు, ఎంత విస్తీర్ణం, గ్రామసభ తీర్మానం నకలు, ఈ మూడే అడగండి. గస్తీల గురించి, క్యాంపు లోపలి సంగతుల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయవద్దు.

రెండు నెలల్లో కదలిక లేకపోతే బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేయాలి, హైదరాబాదుకు రావలసిన పని లేదు. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోను చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్‌కు కూడా అదే వినతి నకలు పంపండి. రసీదులు, పట్టా, క్లెయిము ఫారాల జిరాక్సు ఒక సెట్టు సరిహద్దుకు ఇటువైపు మీ ఇంట్లో ఉంచండి. వేలిముద్రలు వేసిన రిజిస్టరు పేజీకి నకలు ఇవ్వమని మీ బావ పంచాయతీ కార్యదర్శిని ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వనంటే ఆ మాటే రాసి ఇవ్వమనండి.