ఖాళీ దొరికితే ఏ గేమ్ ఆడాలి? ముందు మధ్యలో ఆపగలరో లేదో చూసుకోండి

మీ ప్రశ్న ఏంటంటే, ఆఫీసు అయ్యాక రాత్రి గంటా గంటన్నర ఖాళీ దొరుకుతోంది, బీజీఎంఐ, ఫ్రీ ఫైర్, వాలరంట్, జీటీఏ వీటిలో ఏది మొదలుపెట్టాలి, ఆడినవాళ్లు చెప్పండి అని. ఇవన్నీ నేను ఆడాను, కొన్ని ఇప్పటికీ ఆడుతున్నా, కాబట్టి చెప్తా. గ్రాఫిక్స్ దేంట్లో బాగున్నాయి, ఏది ఎక్కువమంది ఆడుతున్నారు అనేవి యూట్యూబ్‌లో అర నిమిషంలో తెలిసిపోతాయి, వాటి జోలికి పోను. ఏ గేమ్‌కైనా నేను పెట్టే పరీక్ష ఒకటే: "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా" అని వంటింట్లోంచి కేక వచ్చినప్పుడు ఆట మధ్యలో ఆపగలనా? పెళ్లయి, ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో నలుగురి మధ్య ఉండే మనిషికి ఇంతకన్నా పెద్ద రివ్యూ పాయింటు లేదు.

చిన్నప్పుడు ఈ బాధ లేదు. మా తరంవాళ్లలో చాలామందికి మొదటి గేమ్ అంటే టీవీకి తగిలించే ఆ డూప్లికేట్ 8 బిట్ డబ్బానే. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల చూస్తే అవే నాలుగు గేమ్‌లు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. అమ్మ పిలిస్తే స్టార్ట్ బటన్ నొక్కి, తినొచ్చి, మళ్లీ నొక్కితే మారియో గాల్లో ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే దూకేవాడు. కాంట్రా అయితే అన్నతో కలిసి ఆడేదాన్ని. మూడో లెవల్లో జలపాతం పక్కన రాళ్లు పట్టుకుని పైకెక్కాలి గుర్తుందా, తను నాకన్నా ముందు గెంతి పైకి పోతే స్క్రీన్ కూడా తనతోపాటే పైకి జరిగిపోయేది, కింద మిగిలిపోయిన నేను ఒక్క బుల్లెట్ తగలకుండానే చచ్చిపోయేదాన్ని. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ అని కొడితే వచ్చే 30 లైఫుల్లో సగం నాకు ఆ జలపాతానికే పోయేవి, కావాలని చేసేవాడని ఇప్పటికీ నా అనుమానం.

తర్వాత సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పార్టులు కొని అసెంబుల్ చేయించిన కంప్యూటర్ వచ్చింది, దాంతోపాటు ప్రాజెక్ట్ ఐజీఐ. 2000లో వచ్చిన గేమ్ అది, మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఒక్కడివే సైన్యం క్యాంపులోకి దూరి, కెమెరా కంట పడకుండా, అలారం మోగకుండా అరగంట పాకుతూ వెళ్లి చివర్లో ఎవడో మూల నుంచి కాల్చాడనుకోండి, మళ్లీ మొదటి కంచె దగ్గరికే. అప్పట్లో మా దిల్‌సుఖ్‌నగర్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ కీచు కీచుమంటుంటే ఆ రెండు మూడు నిమిషాల్లో మిషన్ ముగించాలని పరిగెత్తడం, అలా పరిగెత్తినందుకే చావడం. గేమ్‌లో ఉన్న టెన్షన్ కన్నా యూపీఎస్ టెన్షనే ఎక్కువ. రెండో భాగంలో లెక్క ప్రకారం కొన్ని సేవ్‌లు ఇచ్చారు గానీ అప్పటికి మాకు జీటీఏ సిరీస్‌లోని వైస్ సిటీ దొరికింది.

వైస్ సిటీ 2002లో ప్లేస్టేషన్ 2కి, మరుసటి ఏడాది పీసీకి వచ్చింది. మన దగ్గర దాని కథ పూర్తి చేసినవాళ్లకన్నా బీచ్ రోడ్డు మీద బైకేసుకుని ఊరికే తిరిగినవాళ్లే ఎక్కువ ఉంటారని నా నమ్మకం. పోలీసులు వెంటపడితే లీవ్ మీ అలోన్ అని టైపు చెయ్యడం, ట్యాంకు కావాలంటే పాంజర్ అని టైపు చెయ్యడం, ఆ కోడ్‌లు రాసున్న జిరాక్స్ కాగితం కీబోర్డు కింద నలిగి ఉండేది. మిషన్లలోకి దిగితే మాత్రం ఆ బొమ్మ హెలికాప్టర్ మిషన్ ఒకటుంది, కడుతున్న బిల్డింగులోకి నంబర్ ప్యాడ్ కీలతో దాన్ని నడిపి, బాంబు ఒక్కొక్కటీ మోసుకెళ్లి నాలుగు చోట్ల పెట్టాలి, టైమర్ నడుస్తుంటుంది, పనివాళ్లు చేతికి దొరికినదాంతో దాన్ని బాదుతుంటారు, మెట్ల మలుపులో రెక్క గోడకి తగిలితే అయిపోయింది. దాన్ని దాటలేక గేమ్ వదిలేసినవాళ్లు మా కాలేజీలోనే బోలెడుమంది. అయినా నా పరీక్షలో వైస్ సిటీకి ఫుల్ మార్కులు, ఎందుకంటే ఎస్కేప్ నొక్కితే ఊరు ఊరంతా ఆగిపోతుంది. ఇంత పెద్ద మెచ్చుకోలు ఏ ఆన్‌లైన్ గేమ్‌కీ ఇవ్వలేను.

ఈఏ క్రికెట్ 07 గురించి ఒక్క మాట. ఈఏ కంపెనీ దాని తర్వాత పీసీకి క్రికెట్ గేమ్ తియ్యలేదు, 2006లో వచ్చిన ఆ ఒక్కదానికే అభిమానులు కొత్త టీములు, కొత్త జెర్సీలు ప్యాచ్‌ల రూపంలో అతికిస్తూ ఏళ్ల తరబడి బతికించుకున్నారు. బంతికీ బంతికీ మధ్య ఆపుకోవచ్చు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. క్రికెట్ పిచ్చి ఉంటే దీన్ని తీసిపారెయ్యకండి.

ఇప్పుడు ఆపలేని గేమ్‌ల సంగతి. ఒక టీము బాంబు పెట్టబోతే ఇంకో టీము అడ్డుకునే కౌంటర్ స్ట్రైక్ 1.6 నెట్ సెంటర్లో ఆడినవాళ్లకు ఇది ముందే అర్థమై ఉంటుంది. మొదటి రౌండ్లో చేతిలో 800 డాలర్లు, పిస్టల్‌తో సరిపెట్టుకోవాలి, గెలిస్తే డబ్బు పెరిగి తర్వాతి రౌండ్లలో ఏకే 47 కొనచ్చు, దాని ధర 2500, ఇంకా పోగేస్తే 4750 పెట్టి ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ. రౌండ్ మొదట్లోనే చచ్చిపోతే మాత్రం మిగతావాళ్ల సంగతి తేలేదాకా వేరేవాళ్ల భుజం మీదుగా చూస్తూ కూర్చోవాలి, బయట నెట్ సెంటర్ అన్న రాసుకునే టైము మాత్రం ఆగదు, ఆడినా చూసినా గంటకి గంటే లెక్క. ఆ గదిలో నేనొక్కదాన్నే అమ్మాయిని, పక్కన అన్న ఉండేవాడు కాబట్టి సరిపోయింది. డస్ట్ 2 అనే మ్యాప్‌లో ఎవడు ఎక్కడ దాక్కున్నాడో మ్యాప్ చూసి కాదు, రెండు కుర్చీల అవతల వాడి నవ్వు విని కనిపెట్టేవాళ్లం, ఆ మజా ఏ హెడ్‌ఫోన్స్‌లోనూ రాదు.

వాలరంట్ అస్థిపంజరం అంతా అదే. ఐదుగురికి ఐదుగురు, రౌండ్ ముందు తుపాకుల కొనుగోలు, బాంబు పేరు స్పైక్. పైన ఒక్కో క్యారెక్టర్‌కి పొగ వెయ్యడం, గోడ లేపడం లాంటి శక్తులు కలిపారు. 2020లో వచ్చింది, ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఆడొచ్చు, ముంబైలో సర్వర్ ఉంది కాబట్టి హైదరాబాద్ నుంచి పింగ్ (సర్వర్‌కి వెళ్లొచ్చే ఆలస్యం) బాధ పెద్దగా ఉండదు. నీళ్లతో గోడలు కట్టే హార్బర్ అని మన దేశం క్యారెక్టర్ కూడా ఉన్నాడు. గేమ్ చాలా బాగుంటుంది, కానీ ముందు 13 రౌండ్లు గెలిచిన టీముదే మ్యాచ్, గట్టి పోటీ పడితే ముప్పావు గంట ఎక్కడికీ పోదు, మధ్యలో లేచి వెళ్తే పెనాల్టీ పడుతుంది, పైగా నలుగురు తెలియనివాళ్ల సాయంత్రం పాడుచేసినట్టు. తలుపు దగ్గర డెలివరీ అబ్బాయి బెల్లు కొడుతుంటే, చివరి రౌండ్లో మీరొక్కరే మిగిలి ఉంటే ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోండి.

బీజీఎంఐ నేను అన్నిటికన్నా ఎక్కువ ఆడిన గేమ్, అప్పుడు దాని పేరు పబ్జీ మొబైల్. ఎరాంగెల్ మ్యాప్ ఎనిమిది కిలోమీటర్లకి ఎనిమిది కిలోమీటర్లు, వందమంది దిగుతారు, చివరిదాకా బతికినవాళ్లదే గెలుపు, మొదటి పావుగంట ఇళ్లు వెతుక్కుంటూ సరుకు ఏరుకోవడమే, చివరి ఐదు నిమిషాలకి చేతులు చెమట పట్టేస్తాయి, మొత్తం అరగంట. నాకు నచ్చేది ఆ మధ్యలో వచ్చే బోర్. ముగ్గురు ఫ్రెండ్స్‌తో జీపులో పోతూ మేనేజర్ గురించి తిట్టుకోవడం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవలు చెప్పుకోవడం, మధ్యలో ఎవడైనా కాలిస్తే దిగి సంగతి చూడటం. మియాపూర్లో ఒకరు, ఉప్పల్లో ఒకరు ఉంటే ఈ ట్రాఫిక్‌లో కలిసేది ఏడాదికోసారి, ఈ గేమ్ లేకపోతే మా బ్యాచ్ ఎప్పుడో విడిపోయేది.

తెలిసినవాళ్లు లేకుండా రాండమ్ టీముతో ఆడితే మాత్రం, ముఖ్యంగా ఆడవాళ్లు, మైక్ ఆఫ్ చేసే పెట్టుకోండి. నేను "వెనకాల ఉన్నాడు చూస్కోండి" అన్నానో లేదో "అరే లడ్కీ హై రే" అని మొదలవుతుంది. ఒకడు ఎక్కడినుంచో లెవల్ 3 హెల్మెట్ (ఆటలో అన్నిటికన్నా గట్టిది) తెచ్చి ముందు పడేస్తాడు, ఇంకొకడు ఇన్‌స్టా ఐడీ అడుగుతాడు, వెనకాల ఉన్నవాణ్ణి మాత్రం ఎవడూ చూడడు. హెల్మెట్ తీసుకుని మ్యూట్ చెయ్యడం నా పద్ధతి.

ఇంకోటి, ఇలాంటి గేమ్‌ల లోపల డబ్బులు పెట్టే ముందు చరిత్ర గుర్తుంచుకోండి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఒకటి. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులై చివర్లో ప్లే స్టోర్ నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ తిరిగొచ్చింది. ఇలా ఉన్నట్టుండి మాయమయ్యేదాంట్లో తుపాకీకి రంగు వేయించడానికి జీతం డబ్బులు పెట్టడం నాకు చేతకాలేదు. రమ్మీ యాప్‌లనైతే ఈ పోలికలోకే తీసుకురాకండి, డబ్బులు కాసే ఆటని తెలంగాణ 2017లోనే ఆపేసింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

ఫ్రీ ఫైర్ గురించి పెద్దవాళ్లు చిన్నచూపు చూస్తారు, పిల్లల గేమ్ అని. మా అన్న కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నా. యాభైమంది, పది నిమిషాలు, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఎదురుగా ఎవడైనా కాల్చగానే గ్లూ వాల్ అని ఒక మంచు గోడ ఠక్కున లేపుకుంటారు, అది లేపే వేగంలోనే ఆటంతా ఉంది. మావాడి వేళ్లు ఎలా కదులుతాయో నాకు కనపడలేదు కూడా, "అత్తా, నువ్వు గోడ లేపేలోపు వాడు చాయ్ తాగొస్తాడు" అన్నాడు. అసలు ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధంలో పోయింది, ఇప్పుడు ఆడేది మ్యాక్స్ వెర్షన్. నా పరీక్షలో ఇది బీజీఎంఐని కొట్టేస్తుంది: "పది నిమిషాల్లో వస్తా" అంటే నిజంగానే పది నిమిషాల్లో లేవచ్చు. బీజీఎంఐ మీదే మనసుంటే అందులో టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) మోడ్ ఆడండి, నలుగురికి నలుగురు, ముందు 40 కిల్స్ కొట్టినవాళ్లదే గెలుపు, అదీ పది నిమిషాలు దాటదు.

ఇక నాకు ఇప్పుడు ఎక్కువ ఇష్టం రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. 2018లో వచ్చింది, పీసీకి మరుసటి ఏడాది. 1899లో అమెరికా, ఒక దొంగల ముఠా. 150 జీబీ ఖాళీ కావాలి, రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దున చూసుకోవచ్చు. మొదటి రెండు గంటలు మంచులో గుర్రం మీద పోవడమే, చాలామంది అక్కడే విసుగొచ్చి తీసేస్తారు, ఓపిక పట్టండి. హీరోకి గడ్డం పెరుగుతుంది, గుర్రానికి మేత పెట్టాలి, బురదలో పడితే బట్టలు మురికైపోతాయి, సెలవులకి అమ్మమ్మగారి ఊరెళ్లినట్టు ఏ పనీ తొందరగా తెమలదు, అదే నాకు నచ్చింది. మా ఆయన గేమ్‌లు ఆడడు, కానీ ఇది మాత్రం పక్కన కూర్చుని సినిమాలా చూశాడు, తను లేనప్పుడు నేను ఆడితే అలిగాడు కూడా. ఎక్కడైనా పాజ్ కొట్టొచ్చు.

అత్తయ్యగారు కరీంనగర్ నుంచి వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఒకే ఫోన్ చేతులు మార్చుకుంటూ లూడో కింగ్. చిన్నప్పటి నుంచి పచ్చీసు ఆడిన మనిషి, కోడలని కూడా చూడకుండా ఇంటి గడప దాకా వచ్చిన కాయని చంపేస్తారు.

మీ విషయానికొస్తే, గంటన్నరే అంటున్నారు కాబట్టి వారం మధ్యలో కథ ఉన్న గేమ్ ఒకటి పెట్టుకోండి, శనివారం రాత్రికి తెలిసిన ముగ్గురితో బీజీఎంఐ. వాలరంట్ ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు ఆడుకోండి. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే రెడ్ డెడ్ ఆశ వదులుకుని జీటీఏ 5 స్టోరీ మోడ్ చూడండి, 2015లో పీసీకి వచ్చిన గేమ్ కాబట్టి దానికి అంత బరువైన మెషీన్ అక్కర్లేదు. పూర్తి ధర పెట్టి కొనకండి, సేల్ వచ్చినప్పుడు బాగా తగ్గుతుంది. మీ ల్యాప్‌టాప్ మోడల్ ఏదో, ఫోన్‌లో ర్యామ్ ఎంతో కింద రాస్తే ఏది నడుస్తుందో చెప్తా.