ఇంటి సర్వర్‌కు బయటి నుంచి దారి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో ఊరికే పడి ఉన్న పాత కంప్యూటర్‌ను ఫైల్ సర్వర్‌గా మార్చి, ఎక్కడికి వెళ్లినా అందులోని ఫైళ్లు తెరుచుకునేలా చేసుకోవాలని ఉందంటూ నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే రాస్తున్నాను. ఫైళ్లను పంచే సాంబా అనే ప్రోగ్రామ్ వాడుకునే 445వ పోర్టును (పోర్టు అంటే కంప్యూటర్‌లోకి డేటా వచ్చే, అంకె వేసిన తలుపు) రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే బయటి నుంచి వచ్చేదాన్ని నేరుగా సర్వర్‌కు పంపేలా చేసి, ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవవద్దు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది కాబట్టే చాలామంది ఆ దారి పడతారు. 2017 మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ విండోస్‌లోని ఎస్‌ఎంబీ (సాంబా కూడా వాడే, ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకుని, ఈ 445 గుండానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకుతూ, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చినా, వేసుకోనివారి కంప్యూటర్లు లెక్కకు మించి ఉన్నాయి. నీ సర్వర్‌లో ఆ పాత వెర్షన్‌ను పూర్తిగా ఆపివేయి.

బయటి సంగతి తర్వాత; ముందు ఇంట్లో అంతా సక్రమంగా నడవాలి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి సర్వర్‌కు ఎప్పటికీ ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా) వచ్చేలా చేయి. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ ఇచ్చి, గెస్ట్ ప్రవేశాన్ని తీసివేయి. అదే పూటలో మరో మార్పు కూడా చేసెయ్యి. చాలా రౌటర్లు 192.168.1 లేదా 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లనే ఇస్తాయి. రేపు నువ్వు వెళ్లిన చోట కూడా అదే వరస ఉంటే, నీ ల్యాప్‌టాప్ ఇంటి సర్వర్ కోసం అక్కడి నెట్‌వర్క్‌లోనే వెతుకుతుంది. వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) కలిసినట్టు కనిపిస్తుంది కానీ ఒక్క ఫైలూ తెరుచుకోదు. నేను రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక ఈ కారణం తెలిసింది. ఇంటి వరసను 192.168.73 వంటి అరుదైన అంకెకు ఇప్పుడే మార్చుకుంటే ఆ బాధ దాదాపు ఉండదు.

బయటి నుంచి రావడానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ వాడు. 2020లో వచ్చిన లైనక్స్ 5.6 వెర్షన్ నుంచి అది ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంది. దీనికి ఒక్క యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) పోర్టు తెరిస్తే చాలు. అలవాటుగా 51820 పెడతారు. సరైన తాళంచెవి (రహస్య సంకేతం) లేకుండా ఎవరు పలకరించినా అది బదులే ఇవ్వదు కాబట్టి, పోర్టులు వెతుక్కుంటూ తిరిగేవారికి అక్కడ ఏదో ఉందన్న ఆనవాలు కూడా దొరకదు. ఫోన్‌కు ఒక తాళంచెవి, ల్యాప్‌టాప్‌కు మరొకటి విడివిడిగా చేయి. ఫోన్ పోయిన రోజున దాని తాళంచెవి ఒక్కటే తీసివేస్తే సరిపోతుంది.

ఇదంతా పనిచేయాలంటే రౌటర్‌కు పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరుకోగల అడ్రస్, ఉండాలి. రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, నీ ఇంటర్నెట్ సంస్థ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎందరికో పంచుతోందని అర్థం. అప్పుడు ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. ఆ సంస్థను పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా పోర్టు తెరవకుండానే పరికరాలను కలిపే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ సేవ వాడాలి. పబ్లిక్ ఐపీ ఉన్నా అది మారుతూ ఉంటే మారే అడ్రస్‌ను ఎప్పుడూ ఒకే పేరుతో చేరుకునేలా చేసే డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకో. పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడు. ఇంటి వైఫైలో తెరుచుకున్నంత మాత్రాన బయట పనిచేస్తుందని చెప్పలేం. వేగం విషయంలో కూడా ముందే లెక్క వేసుకో. బయట ఉన్న నీకు ఫైలు చేరేది ఇంటి అప్‌లోడ్ వేగంతోనే కాబట్టి, అది 20 ఎంబీపీఎస్ అయితే 4 జీబీ వీడియోకు దాదాపు 27 నిమిషాలు పడుతుంది.

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మార్చడం మరిచిపోకు. నువ్వు దూరాన ఉన్నప్పుడు బటన్ నొక్కేవారు ఉండరు.

చివరగా బ్యాకప్ గురించి. రెండు డిస్కులను రెయిడ్ 1లో పెట్టి, ఇక భయం లేదనుకుని నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి నిద్రమత్తులో తప్పు ఫోల్డర్‌ను తుడిచేశాను. రెండు డిస్కుల్లోనూ అది అదే క్షణంలో మాయమైంది, ఎందుకంటే ఒకదానిలో జరిగింది రెండోదానిలో జరిపించడమే రెయిడ్ 1 పని. మీ అత్తయ్య నాన్నగారి గొంతు రికార్డు చేసిన ఫైళ్లు అందులో ఉండేవి, అవి తిరిగి రాలేదు. కాబట్టి సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచని డిస్కు మీద ఒక కాపీ, ఇంటి బయట మరో కాపీ తప్పకుండా ఉంచు. నెలకోసారి ఆ కాపీ నుంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి, తెరిచి చూడు.

ఈ రాత్రి రౌటర్ పేజీలో ఆ వ్యాన్ అడ్రస్ మొదటి రెండు అంకెలు చూసి నాకు రాయి. వైర్‌గార్డ్ నేరుగా పెట్టాలో, టెయిల్‌స్కేల్ వాడాలో అవి చూశాక చెబుతాను.

మీ మామయ్య