పెరూ వెళ్తే స్పానిష్ దానంతటదే వచ్చేస్తుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. అమ్మాయి బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ పూర్తి చేసింది. పెరూలోని కుస్కోలో ఏడాదిపాటు వాలంటీర్‌గా పిల్లలకు ఇంగ్లిష్ చెబుతూ, స్పానిష్ నేర్చుకుని అక్కడే టీచర్‌గా సెటిలవుతానంటోంది. జీతం లేదు, పైగా ఏజెన్సీకి మనమే ఎదురు డబ్బు కట్టాలట. ఇది నయమా, ఇక్కడే తార్నాక ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ చదివి ఉద్యోగంలో చేరడం నయమా? వాళ్ళన్న టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఈమె గురించి బంధువులకు ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: మీ అసలు బెంగ ఆ చివరి మాటే సార్. అబ్బాయి విమానం ఎక్కేటప్పుడు ఇన్ని ప్రశ్నలు వేశారా? అదే కోర్సు పక్కింటి కుర్రాడూ చేస్తున్నాడు కాబట్టి మీకు ధైర్యం. అమ్మాయి వెళ్తానన్న దారిలో మీకు తెలిసినవాళ్ళు లేరు, అంతే తేడా. బంధువులకు చెప్పుకోవడానికి వీలుగా పిల్లల చదువులు ఎంచకండి. బీఏ తర్వాత ఏడాది ఖాళీ వస్తే కొంపలేం మునగవు. పీజీ సీట్లు వచ్చే ఏడాదీ ఉంటాయి, సంబంధాలూ ఉంటాయి.

అలాగని అమ్మాయి ప్లాన్ బాగుందని నేననడం లేదు. ఈ మధ్య ఇది ఫ్యాషనైపోయింది. ఇన్‌స్టాలో కొండలు, రంగురంగుల శాలువాలు, చుట్టూ పిల్లలు. క్లాసులో ఏం జరుగుతుందో ఎవరూ పెట్టరు. ఇంగ్లిష్ టీచర్‌ని ఇంగ్లిష్ మాట్లాడటానికే పెట్టుకుంటారు. పొద్దున్నించి క్లాసులో ఇంగ్లిష్, సాయంత్రం తోటి వాలంటీర్లతో ఇంగ్లిష్, రాత్రి మీతో వాట్సాప్‌లో తెలుగు. ఇక స్పానిష్ ఎప్పుడు? కూరగాయల బేరానికి సరిపడా వచ్చి ఆగిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. కొంత నేర్చుకుని వెళ్ళి, స్థానిక కుటుంబంతో ఉన్నవాళ్ళకే భాష పట్టుబడుతుంది.

ఇక అక్కడే టీచర్‌గా సెటిలవడం. జీతమిచ్చే ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగాలకు చాలాచోట్ల ఇప్పటికీ అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల పాస్‌పోర్టే అడుగుతారు. మనమ్మాయి ఇంగ్లిష్ ఎంత బాగున్నా సరే. ఇది అన్యాయమే, కానీ తెలిసి వెళ్ళడం మంచిది. ఏజెన్సీకి కట్టే డబ్బులో కొంత సెల్టా (ఇంగ్లిష్ టీచర్లకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్ కోర్సు) మీద పెట్టినా ఉపయోగం. అందులో కనీసం 120 గంటల శిక్షణ, 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పడం ఉంటాయి. ఆన్‌లైన్‌లో వారాంతంలో చేతికొచ్చే టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లిష్ బోధన) సర్టిఫికెట్‌కు అంత విలువ లేదు.

ఇఫ్లూతో పోల్చమన్నారు. నన్నడిగితే రెండూ చేయాలి, ముందు తార్నాక, తర్వాత కుస్కో. ఇక్కడ కనీసం ఏ2 (ఆరు భాషా స్థాయిల్లో రెండోది) దాకా వచ్చాక బయల్దేరితే అక్కడి ఏడాది వృథా కాదు. తిరిగి వచ్చాక డేలే అనే స్పానిష్ పరీక్షలో బి2 (నాలుగో స్థాయి) తెచ్చుకుంటే ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. హైదరాబాద్‌లో స్పానిష్ ప్రాసెస్ (స్పానిష్ మాట్లాడే కస్టమర్ల పని) నడిపే కంపెనీలు చూసేది ఆ లెవెలే, ఎక్కడ నేర్చుకున్నావని అడగరు.

ఏజెన్సీని మీరు గట్టిగా అడగాల్సింది వీసా గురించి. ఏ వీసా మీద పంపుతున్నారో మెయిల్‌లో రాసివ్వమనండి. ‘టూరిస్టుగా వెళ్ళిపోవడమే, అందరూ అంతే’ అంటే ఆ ఏజెన్సీకి దండం పెట్టి వచ్చేయండి. ఫీజులో బడికి ఎంత వెళ్తుందో, అమ్మాయి ఉండే ఇంటికి ఎంతో విడివిడిగా చెప్పమనండి. చెప్పలేకపోతే మీ డబ్బుతో బడి నడుస్తోందా, ఆఫీసు నడుస్తోందా అన్నది మీరే అర్థం చేసుకోండి.

మొదటి నెల కష్టమే. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగిన రెండు మూడు రోజులు తలనొప్పి, ఆయాసం మామూలు, ఆ రోజుల్లో క్లాసులు పెట్టుకోవద్దనండి. శాకాహారైతే ‘మాంసం తినను’ అని ఊరుకుంటే చికెన్ వడ్డించే ఇళ్ళున్నాయి. కోడి, చేప పేరుపేరునా వద్దనాలి. మనకూ వాళ్ళకూ పదిన్నర గంటల తేడా. మీరు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే అక్కడ ఉదయం పదిన్నర, క్లాసులో ఉంటుంది. ఎత్తలేదని కంగారుపడకండి.

డిగ్రీ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) ఇప్పుడే మొదలుపెట్టండి. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించాలి. పెరూ నుంచి నేరుగా తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా కార్డు చూపించలేకపోతే శంషాబాద్‌లో దిగాక ఇంటికి కాదు, క్వారంటైన్‌కి పంపుతారు.